క్యారవాన్‌లో అండమాన్ యాత్ర: వంతెన ఎత్తు, జెట్టీ వాలు ముందే తెలుసుకోవాలి

వంటగది, పడక, స్నానపు గది అన్నీ ఒకే వాహనంలో అమర్చుకుని సాగే క్యారవాన్ యాత్రలకు దేశంలో ఆదరణ పెరుగుతోంది. సాధారణ కారు సునాయాసంగా దాటే వంతెన కింద క్యారవాన్ ఇరుక్కుపోవచ్చు. అందువల్ల దారి ఎంపికకు ముందే వాహనం ఎత్తు, పొడవు, బరువు తెలిసి ఉండాలి. అండమాన్ దీవుల్లో ఈ లెక్క కొంత భిన్నంగా ఉంటుంది. అక్కడి ప్రధాన మార్గంలో అసలు పరీక్ష తల మీద కాదు, చక్రాల కింద ఎదురవుతుంది.

ఎత్తు ఎలా కొలవాలి?

రిజిస్ట్రేషన్ పత్రాలలోని లేదా తయారీదారు చెప్పిన ఎత్తునే ప్రామాణికంగా తీసుకోరాదు. పైకప్పు మీద తరువాత బిగించిన ఏసీ యూనిట్, సౌర ఫలకాలు, నీటి ట్యాంకు, సామాను క్యారియర్ ఆ లెక్కలో చేరి ఉండకపోవచ్చు. సమతలమైన నేల మీద వాహనాన్ని నిలిపి, అన్నిటికంటే ఎత్తుగా ఉన్న భాగం వరకు కొలవాలి. ఖాళీ వాహనం స్ప్రింగుల మీద కాస్త పైకి లేచి ఉంటుంది కాబట్టి, బరువు లేనప్పటి కొలతనే నమ్మడం క్షేమం. ఆ అంకెను డ్రైవరు కళ్లెదుట మీటర్లలో రాసి అంటించుకోవాలి.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 93వ నిబంధన వాహనాల గరిష్ఠ కొలతలను నిర్దేశిస్తుంది. చాలాకాలం 3.8 మీటర్లుగా ఉన్న ఎత్తు పరిమితిని 2020 సవరణ సరుకు రవాణా వాహనాలకు 4 మీటర్లకు పెంచింది. జాతీయ రహదారులపై కొత్త అండర్‌పాస్‌లకు 5.5 మీటర్ల నిలువు ఖాళీ ప్రమాణంగా ఉంది. కాబట్టి చిక్కు ప్రధాన రహదారుల మీద తక్కువ, పాత రైల్వే వంతెనల కింద, పట్టణాల ఇరుకు దారుల్లో ఎక్కువ.

బోర్డు మీది అంకె చాలదా?

ఎరుపు అంచు గల గుండ్రని బోర్డు మీద కనిపించే అంకె, అది పెట్టిననాటి ఖాళీని సూచిస్తుంది. ఆ తరువాత రోడ్డు మీద కొత్త తారు పొర పడితే ఖాళీ ఆ మేరకు తగ్గుతుంది. అండర్ బ్రిడ్జి కింద రోడ్డు పల్లంగా ఉంటే మరో చిక్కు ఉంది. పొడవాటి వాహనం ముందు చక్రాలు ఎదుటి ఎగువకు ఎక్కుతుండగా వెనుక చక్రాలు ఇవతలి వాలు మీదే ఉంటాయి. అప్పుడు వాహనం మధ్యభాగం పల్లంలోకి దిగదు, పైకప్పు వంతెనకు దగ్గరవుతుంది. వాహనం ఎత్తుకు, బోర్డు మీది అంకెకు మధ్య కనీసం 20 సెంటీమీటర్ల తేడా ఉండేలా చూసుకోవడం మంచిది.

అమెరికాలోని డర్హమ్ పట్టణంలో 3.56 మీటర్ల రైల్వే వంతెన ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. హెచ్చరికలు ఉన్నా ట్రక్కులు పదే పదే దానికి తగులుతుండటంతో 2019లో దానిని సుమారు 20 సెంటీమీటర్లు పైకి లేపారు. ఆ తరువాత కూడా వాహనాలు ఢీకొన్నాయి. బోర్డు ఉన్నంత మాత్రాన, తన వాహనం ఎత్తు తెలియని డ్రైవరుకు మేలు జరగదు.

సాధారణ మ్యాప్ యాప్‌లు కారును దృష్టిలో పెట్టుకుని దారి చూపుతాయి. విశాఖపట్నం, చెన్నై రేవులకు క్యారవాన్‌ను చేర్చాలనుకునేవారు ఆ దారిలోని అండర్ బ్రిడ్జిలను ముందుగా గుర్తించి, ప్రత్యామ్నాయ మార్గం సిద్ధంగా ఉంచుకోవాలి.

దీవుల్లో ఏం మారుతుంది?

అండమాన్‌లో నేటికీ రైలు మార్గం లేదు. అందువల్ల తల మీది నుంచి పట్టాలు పోయే అండర్ బ్రిడ్జి బెడద లేదు. పైకప్పుకు తగిలేవి అడవి దారిలో వంగిన కొమ్మలు, ఊళ్లలో వేలాడే తీగలు, పెట్రోలు బంకుల పైకప్పులు.

2024 సెప్టెంబరులో శ్రీ విజయ పురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి డిగ్లీపూర్ వరకు సాగే అండమాన్ ట్రంక్ రోడ్డు ఇప్పుడు 4వ నంబరు జాతీయ రహదారి. ఈ మార్గం పలు జలసంధులను దాటుతుంది. బారాటాంగ్‌ను మధ్య అండమాన్‌తో కలిపే హంఫ్రీ జలసంధి మీద సుమారు 1.45 కిలోమీటర్ల ఆజాద్ హింద్ ఫౌజ్ సేతు ఉంది. ఆస్టిన్ జలసంధి మీది చెంగప్ప వంతెన మధ్య, ఉత్తర అండమాన్‌లను కలుపుతుంది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో ఈ వంతెన పైభాగం స్థానం తప్పింది. కాబట్టి ఇక్కడి వంతెనల వద్ద ఎత్తు కంటే బరువు పరిమితి గురించి ముందుగా ఆరా తీయాలి.

మిడిల్ స్ట్రెయిట్ వద్ద వాహనాలు పంటు మీద దాటుతాయి. గోదావరి పాయల్లో పంటు ఎక్కించిన అనుభవం ఉన్నవారికి ఇది కొత్త కాదు గానీ, ఇక్కడ సముద్రపు ఆటుపోట్లు కూడా లెక్కలోకి వస్తాయి. నీటిమట్టం మారేకొద్దీ జెట్టీకి, పంటుకు మధ్య వాలు మారుతుంది. వాలు ఎక్కువైతే, వెనుక చక్రాల అవతలికి పొడవుగా సాగిన క్యారవాన్ తోక భాగం నేలకు రాసుకుంటుంది. తమ వాహనం పొడవు, బరువు చెప్పి, ఏ వేళ ఎక్కించడం సులభమో జెట్టీ సిబ్బందిని అడగాలి.

ఆగితే ఏమవుతుంది?

జిర్కటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు సుమారు 49 కిలోమీటర్ల దారి జరావా తెగ అభయారణ్యం మీదుగా సాగుతుంది. ఆదిమ తెగల రక్షణకు 1956లోనే ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. అభయారణ్యంలోని రోడ్డు భాగాన్ని మూసివేయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించినా, రాకపోకలు పోలీసు కాన్వాయ్ పద్ధతిలో కొనసాగుతున్నాయి. నిర్ణీత వేళల్లో మాత్రమే వాహనాలను వదులుతారు. మధ్యలో ఆగరాదు, ముందు వాహనాన్ని దాటరాదు, ఫోటోలు తీయరాదు, జరావాలకు ఆహారం ఇవ్వరాదు.

ఇంటినే వెంట తెచ్చుకున్నామన్న ధీమాతో దారి పక్కన రాత్రి గడిపే వీలు ఇక్కడ లేదు. కొమ్మకు తగిలో, ఇంజిను మొరాయించో ఒక్క వాహనం నిలిచిపోతే వెనుక వరుసంతా చిక్కుబడుతుంది. జనాభా కొన్ని వందలకు మించని తెగ నివసించే అడవిలో అపరిచితులు ఎక్కువసేపు ఉండవలసి వస్తుంది. వారికి అలవాటు లేని వ్యాధులు సోకే ముప్పు ఉన్నందున, ఇది ప్రయాణికుల అసౌకర్యంతో ముగిసే విషయం కాదు.

కాబట్టి బ్రేకులు, టైర్లు, డీజిల్, పైకప్పు మీది బిగింపులు అన్నీ జిర్కటాంగ్ చేరకముందే సరిచూసుకోవాలి. క్యారవాన్‌ను కాన్వాయ్‌లో అనుమతిస్తారో లేదో జిల్లా యంత్రాంగాన్ని ముందే సంప్రదించి తెలుసుకోవాలి. అనుమతి లేకుంటే వాహనాన్ని రాజధానిలోనే ఉంచి, ఉత్తర దీవులకు బస్సులోనో, పడవలోనో వెళ్లడం ఉత్తమం.