మీ ఊరికి బస్సుందా? లెక్కల్లో చూశారా?

ఫైనలియర్‌లో ఓ పూల్డ్ క్యాంపస్ డ్రైవ్‌కి వెళ్లాను. రిపోర్టింగ్ ఎనిమిదిన్నరకి. మా ఊరికి తొలి పల్లెవెలుగు వచ్చేదే ఏడూ నలభైకి. పొద్దున్నే ఆటో దొరుకుతుందిలే అనుకున్నా. దొరకలేదు. నేను చేరేసరికి గేటు మూసేశారు.

తిరుగు ప్రయాణంలో ఒక కుతూహలం పుట్టింది. ప్రభుత్వ లెక్కల్లో మా ఊరికి బస్సు ఉన్నట్టా, లేనట్టా?

వెతికితే దొరికింది. జనగణన విభాగం జిల్లాకో సెన్సస్ హ్యాండ్‌బుక్ వేస్తుంది. నెట్‌లో ఉచితం. ఒక భాగంలో ఊరివారీగా జనాభా, ఇంకో భాగంలో బడి, ఆస్పత్రి, బస్సు, ఆటో, రైల్వేస్టేషన్ లాంటి సౌకర్యాలు. ఊళ్లో లేకపోతే ఎంత దూరమో అక్షరంతో చెబుతారు: ‘ఎ’ అంటే 5 కి.మీ. లోపు, ‘బి’ అంటే 5-10, ‘సి’ అంటే 10 దాటి. మా ఊరి ఎదురుగా బస్సు ‘ఉంది’ అని రాసుంది. అబద్ధమేం కాదు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వస్తాయి. ఎన్నింటికి వస్తాయో చెప్పే గడి మాత్రం ఆ పట్టికలో లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఏపీలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం కదా. ‘టికెట్ ఫ్రీ సరే, బస్సు రావాలిగా’ అంటుంది మా చెల్లి.

రోడ్డు కథ ఇంకా చిక్కు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. మైదాన ప్రాంతంలో 500, గిరిజన, కొండ ప్రాంతాల్లో 250 జనాభా ఉన్న ఆవాసానికి అన్ని కాలాల్లో పనికొచ్చే రోడ్డు వేయాలన్నది దాని లెక్క. ఇక్కడ ‘ఆవాసం’ అన్న మాట పట్టుకోండి. జనగణన లెక్కపెట్టేది రెవెన్యూ గ్రామాన్ని. మా ఊరి కిందే ఉన్న తండాకి ఆ పట్టికలో వేరే వరుస లేదు. అందుకే ఊరికి పక్కా రోడ్డు ఉన్నట్టే కనిపిస్తుంది, తండావాళ్లు వానాకాలం చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తారు. 2011లో అక్కడ 460 మంది ఉండేవాళ్లని పంచాయతీ లెక్క. ఇప్పుడు 500 దాటే ఉంటారు. అయితే 2024లో ఆమోదం పొందిన నాలుగో దశ పథకం కూడా 2011 జనాభానే తీసుకుంటోంది! తర్వాతి జనగణనకి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. గ్రూప్స్‌కి చదివేవాళ్లు ఈ తేదీలు ఎలాగూ బట్టీ పడతారు, తండాని కూడా గుర్తుపెట్టుకోండి.

డేటా ఉద్యోగాలకి ట్రై చేస్తున్నారా? టైటానిక్ ప్రయాణికుల డేటాసెట్ అందరి రెజ్యూమేల్లోనూ ఉంది. మీ మండలం తీసుకోండి. రెండు పట్టికల్నీ ఊరి పేరుతో కలపొద్దు, స్పెల్లింగులు చంపేస్తాయి. గ్రామ కోడ్‌తో కలపండి. పాత జిల్లా పేరుతో వెతకాలి, ఎందుకంటే 2011లో ఉమ్మడి రాష్ట్రంలో ఉన్నవి 23 జిల్లాలే. ములుగు కావాలంటే వరంగల్ పుస్తకం తెరవాలి. తర్వాత బస్టాండులో ఒక రోజు కూర్చుని ఏ బస్సు ఎన్నింటికి వచ్చిందో రాసుకోండి. ఆ కాలమ్ ఇంకెవరి దగ్గరా ఉండదు.

నేను అదే చేశాను. తర్వాతి ఇంటర్వ్యూలో పావుగంట దాని మీదే అడిగారు. ‘ఉంది’ అన్న డేటాని ఎందుకు నమ్మలేదు, తండా జనాభా ఎక్కడి నుంచి తెచ్చావు అని. ఉద్యోగం వచ్చిందనుకునేరు, రాలేదు. ఆ తర్వాతి దాంట్లో వచ్చింది.

ఇంకోటి. పరీక్ష సెంటర్ ఆప్షన్ పెట్టేటప్పుడు దూరం కాదు, తొలి బస్సు టైమ్ చూడండి. అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నా రాత్రి రైలున్న ఊరు, పాతిక కిలోమీటర్ల దూరంలో బస్సు లేని ఊరికంటే నయం. రిపోర్టింగ్ తొమ్మిదిలోపు అయితే ముందురోజు సాయంత్రం బస్సుకే బయల్దేరండి. మా ఊరి తొలి బస్సు ఇప్పటికీ ఏడూ నలభైకే.