డాక్టరు నడవమన్నారు, మరి ఎక్కడ నడవాలి?

“రోజూ ఒక అరగంట నడవండి.” షుగరుకీ, బి.పి.కీ, గుండెకీ, మోకాళ్ళకీ మా ఓ.పి.లో రాసిచ్చే చీటీల్లో తరచుగా కనిపించే మాట ఇది. పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాల పాటు ఒక మోస్తరు శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే వారంలో అయిదు రోజులు, రోజుకో అరగంట. దీనికి డబ్బు ఖర్చు లేదు, మందుల షాపుకి వెళ్ళే పని లేదు. కాని ఈ మాట చెప్పగానే రోగి వెంట వచ్చిన కూతురో కొడుకో చిన్నగా నవ్వి, “మా వీధిలో అమ్మ ఎక్కడ నడుస్తుందండీ?” అని అడుగుతారు. ఆ ప్రశ్నకి చీటీ మీద రాయగలిగిన జవాబు మా దగ్గర లేదు. అందుకే ఈ వ్యాసం.

హైదరాబాదులో సాయంత్రం పూట పార్కుల ముందు చూడండి. నడవడానికి వచ్చినవాళ్ళ కార్లూ స్కూటర్లూ బారులు తీరి ఉంటాయి. ఇంటి నుంచి పార్కు దాకా క్షేమంగా నడిచే దారి లేదు కాబట్టి, నడవడానికి బండెక్కి వస్తున్నాం.

ఇది సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవారు. సగటున రోజుకు సుమారు 90 మంది. వీళ్ళు బండి నడపలేదు, వేగంగా వెళ్ళలేదు. కూరగాయలకో, బడికో, బస్సు కోసమో బయటికి వచ్చారు, అంతే.

ఈ లెక్కలోకి రాని బాధ ఇంకొకటి ఉంది. కాలిబాట మీద లేచిపోయిన బండకి కాలు తగిలి పడినవాళ్ళు, మూత లేని కాలువలో కాలు పెట్టినవాళ్ళు పోలీసు రికార్డుకి ఎక్కరు. ఏ వాహనమూ తగల్లేదు కాబట్టి అది రోడ్డు ప్రమాదం కిందికి రాదు. వాళ్ళు కనిపించేది ఎముకల వార్డులోనే. అరవై దాటిన ఆడవాళ్ళలో ఎముకలు పెళుసుబారి ఉంటాయి. చిన్నగా పడినా తుంటి ఎముక విరగవచ్చు. విరిగితే ఆపరేషను, నెలల తరబడి మంచం. మంచం పట్టాక ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరడం, వీపున పుండ్లు, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అప్పటిదాకా ఇంటి పనంతా చేసుకున్న మనిషి మళ్ళీ ఒకరి సాయం లేకుండా నడవలేకపోవచ్చు.

షుగరు ఉన్నవాళ్ళ సంగతి వేరు. చాలా ఏళ్ళు షుగరు ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. విరిగిన బండ అంచు గీసుకున్నా, మేకు గుచ్చుకున్నా నొప్పి తెలియదు. ఇంటికి వచ్చి చెప్పు విప్పితే రక్తం కనబడుతుంది. ఒక్కోసారి అదీ చూసుకోరు. ఆ పుండు మానక, చీము పట్టి, చివరికి వేలో పాదమో తీసేయాల్సి వస్తుంది. కాలిబాట బాగు చేయడాన్ని మేము పాదాలను కాపాడే పనిగా కూడా చూస్తాం.

నడకదారి ఎలా ఉండాలి?

కాలిబాట ఎంత ఉండాలో ఎవరి ఇష్టం వాళ్ళది కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దీనికి ప్రమాణాలు రాసింది. మొదట 1988లో వచ్చిన ఆ పుస్తకాన్ని 2012లో, మళ్ళీ 2022లో సవరించారు. వాటి ప్రకారం ఇళ్ళుండే వీధుల్లో కూడా అడ్డం లేకుండా నడవగలిగే వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంటే సుమారు ఆరడుగులు ఉండాలి. రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా వస్తే ఒకదాన్నొకటి దాటి వెళ్ళగలిగేంత చోటు అది. షాపులుండే చోట ఇంకా ఎక్కువ కావాలి. రోడ్డు నుంచి కాలిబాట ఎత్తు 15 సెంటీమీటర్లకు మించకూడదు. తలకు ఏదీ తగలకుండా పైన 2.2 మీటర్లు ఖాళీ ఉండాలి.

ఇప్పుడు మీ వీధిని ఒకసారి తలచుకోండి. చాలాచోట్ల కాలిబాట అంటే వాన నీటి కాలువ మీద పరచిన బండలే. కొన్నిచోట్ల అడుగున్నర ఎత్తు ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ దాని మీదికి ఎక్కలేదు. ఎక్కినా ప్రతి ఇంటి గేటు దగ్గరా దిగి మళ్ళీ ఎక్కాలి. నాలుగు ఇళ్ళు దాటేసరికి విసుగొచ్చి రోడ్డు మీదే నడుస్తుంది. నిజానికి గేటు దగ్గర కూడా కాలిబాట అదే ఎత్తులో సాగిపోవాలి, బండే వాలు మీదుగా పైకెక్కి లోపలికి వెళ్ళాలి. మనం మాత్రం మనిషినే ఎక్కించి దించుతున్నాం.

ఇక అడ్డాలు. ట్రాన్స్‌ఫార్మరు, కరెంటు స్తంభం, షాపు జనరేటరు, ఇల్లు కడుతున్నవారి ఇసుక కుప్ప, ఫ్లెక్సీ, నిలబెట్టిన మోటారు సైకిళ్ళు. పండుగలకు వేసే పందిళ్ళు కూడా అడ్డమే, అందులో క్రిస్మస్‌కి మన చర్చిల ముందు వేసేవీ ఉన్నాయి. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. విజిటింగ్ సమయంలో మా ఆస్పత్రి గోడ పక్కన కాలిబాట మీద బండ్లు నిలబడి ఉంటాయి. వాటిలో కొన్ని మీవి, కొన్ని మా సిబ్బందివి. ఆ గంటసేపు చేతికర్రతో వచ్చే రోగి బస్సుల పక్కన రోడ్డు మీద నడవాల్సి వస్తోంది.

కాలిబాట అనగానే చాలామంది ముందు తోపుడు బండ్లవాళ్ళ మీద కోప్పడతారు. ఆ కోపం పూర్తిగా న్యాయం కాదని మా అభిప్రాయం. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం వాళ్ళకి చోటు కేటాయించమని చెప్పింది. ఎక్కడ ఉండవచ్చో, ఎక్కడ కూడదో నిర్ణయించడానికి పట్టణ వెండింగ్ కమిటీలు ఉండాలని కూడా చెప్పింది. రాత్రి తొమ్మిది గంటలకు ఒంటరిగా నడిచే ఆడపిల్లకి ఆ బండి దగ్గరి దీపమూ, ఆ మనిషీ కొంత ధైర్యం. కాలిబాట వెడల్పుగా ఉంటే బండికీ, మనిషికీ చోటు ఉంటుంది. చెన్నై త్యాగరాయ నగర్‌లోని పాండీ బజారు మనవాళ్ళలో చాలామందికి తెలుసు, పెళ్ళి చీరలకు వెళ్తుంటారు. అక్కడ వాహనాలు నడిచే దారిని తగ్గించి కాలిబాటలను విశాలం చేసి, 2019 నవంబరులో ప్రారంభించారు. చేయాలనుకుంటే ఇరుకు నగరంలోనూ కుదురుతుందనడానికి అదొక ఉదాహరణ.

దాటే చోటు

ప్రాణాలకు ముప్పు ఎక్కువగా వచ్చేది రోడ్డు దాటేటప్పుడు. ఇక్కడ అసలు సంగతి వేగం. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు డ్రైవరు మిమ్మల్ని చూసి, బ్రేకు వేసి, ఆగడానికి సుమారు 13 మీటర్లు పడుతుంది. 50 కిలోమీటర్ల వేగంలో అయితే సుమారు 28 మీటర్లు. తడి రోడ్డు మీద ఇంకా ఎక్కువ. 50తో పోలిస్తే 65 కిలోమీటర్ల వేగంలో కారు ముందుభాగం తగిలితే మనిషి చనిపోయే ప్రమాదం నాలుగున్నర రెట్లు ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పదిహేను కిలోమీటర్ల తేడా డ్రైవరుకి ఏమీ అనిపించదు.

సిగ్నలు దగ్గర కూడా ఒక చిక్కుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి సెకనుకు సుమారు 1.2 మీటర్లు నడుస్తాడని లెక్క వేసుకుంటారు. అలాగైతే 14 మీటర్ల రోడ్డు 12 సెకన్లలో దాటవచ్చు. ఆపరేషను అయి వాకరుతో నడిచేవారు సెకనుకు 0.7 మీటర్లు కూడా నడవలేకపోవచ్చు. వాళ్ళకి 20 సెకన్లు కావాలి. సగంలో ఉండగానే పచ్చ దీపం వెలిగి వెనక హారన్లు మొదలవుతాయి. అందుకే రోడ్డు మధ్యలో నిలబడి ఊపిరి తీసుకునే చోటు ఉండాలి. కేవలం ఎత్తైన డివైడరు చాలదు, దాని మధ్య మనిషి నిలబడగలిగే చదునైన జాగా ఉండాలి. అలా ఉంటే ఒకసారి ఒకవైపు వాహనాలనే చూసుకుని రెండు విడతలుగా దాటవచ్చు.

పాదచారుల వంతెనలు కడితే సరిపోతుందని కొందరంటారు. లారీలు, బస్సులు కిందనుంచి వెళ్ళాలి కాబట్టి వంతెన అయిదున్నర మీటర్ల పైనే ఉండాలి. ఒక్కొక్కటి 15 సెంటీమీటర్ల చొప్పున నలభై మెట్ల దాకా ఎక్కాలి, మళ్ళీ అన్నీ దిగాలి. ఇది రెండంతస్తుల మేడ ఎక్కి దిగడం లాంటిది. లిఫ్టు ఉండి, అది పనిచేస్తే సరే. 2023లో ఉప్పల్ కూడలిలో ప్రారంభించిన ఆకాశ నడకదారి లాంటివి నాలుగైదు రోడ్లు కలిసే పెద్ద కూడళ్ళలో ఉపయోగమే. మామూలు రోడ్డు మీద మాత్రం గుండె జబ్బు మనిషిని మెట్లెక్కించి, కారుని నేల మీద పోనివ్వడం ఏం సబబు? అలాంటిచోట జీబ్రా గీతలు ఉన్న భాగాన్నే కాలిబాట ఎత్తుకి లేపి కడితే వాహనం దానంతట అదే నెమ్మదిస్తుంది, మనిషి సమతలం మీద నడుస్తాడు.

ఆస్పత్రికి వచ్చినవారికి

మా వార్డుల్లో ఉండే సహాయకుల్లో సగానికి పైగా జిల్లాల నుంచి వచ్చినవారే. నిద్ర లేక, దిగులుతో, చేతిలో మందుల చీటీతో ఎదుటి షాపుకి పరుగెడతారు. ఆ పరుగు వద్దు. మందు అయిదు నిమిషాలు ఆలస్యమైతే నర్సు సర్దుకుంటుంది.

కంటి పరీక్షకి చుక్కలు వేస్తే కొన్ని గంటల పాటు చూపు మసకగా ఉంటుంది. ఆ రోజు రోగిని ఒంటరిగా రోడ్డు దాటనివ్వకండి. ఒక కంటికి కట్టు ఉంటే వాహనం ఎంత దూరంలో ఉందో అంచనా తప్పుతుంది. కట్టు ఉన్న వైపే మీరు నిలబడి చేయి పట్టుకోండి. జలుబుకీ, దురదకీ ఇచ్చే కొన్ని మాత్రలు మగత తెప్పిస్తాయి. బి.పి. మాత్రలు వేసుకునేవాళ్ళకి ఆటోలోంచి గబుక్కున లేస్తే కళ్ళు తిరగవచ్చు. దిగాక ఒక నిమిషం నిలబడి, తర్వాత కదలమనండి. షుగరు ఉన్నవారు రబ్బరు స్లిప్పర్లు మాని, వేళ్ళు కప్పి ఉండే మెత్తని చెప్పులు వేసుకోవాలి. ప్రతి నడక తర్వాతా అరికాళ్ళు చూసుకోవాలి, వంగలేకపోతే మీరు చూడండి.

పిల్లలకు తొమ్మిది, పదేళ్ళు వచ్చేదాకా వాహనం వేగాన్ని సరిగ్గా అంచనా వేయడం రాదు. వాళ్ళకి ఎంత చెప్పినా చేయి వదలకూడదు. ఆగి ఉన్న బస్సు ముందు నుంచి ఎవరూ దాటకండి. అది వెళ్ళిపోయాక రెండు వైపులా కనబడుతుంది. కాలిబాట లేని రోడ్డు మీద కుడివైపు అంచున, ఎదురుగా వచ్చే వాహనాలు మీకు కనిపించేలా నడవండి. రాత్రిపూట లేత రంగు బట్టలు, చేతిలో టార్చి లేదా ఫోను దీపం ఉంటే మంచిది.

ప్రమాదం జరిగితే

దెబ్బ తిన్నవారి మెడ వంచకుండా, లేపి కూర్చోబెట్టకుండా ఉంచండి. నీళ్ళు తాగించకండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. 108కి ఫోను చేయండి. యెరూషలేము నుంచి యెరికోకు వెళ్ళే దారిలో పడి ఉన్న మనిషి దగ్గర ఆగిన సమరయుడి కథ మీకు తెలిసే ఉంటుంది. అలా ఆగినవారిని కాపాడే నిబంధనకు మన మోటారు వాహనాల చట్టంలోనూ ఆ సమరయుడి పేరే పెట్టారు. 2019 సవరణతో చేర్చిన ఆ 134-ఎ సెక్షను ప్రకారం, మంచి మనసుతో సాయం చేసినవారిని కేసుల్లో ఇరికించకూడదు, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. అత్యవసర చికిత్స ఆలస్యం చేయకూడదని సుప్రీంకోర్టు 1989లోనే స్పష్టం చేసింది. 2025 మే నెలలో కేంద్రం తెచ్చిన పథకం కింద, రోడ్డు ప్రమాద బాధితులకు నిర్దేశించిన ఆస్పత్రుల్లో ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల దాకా, లక్షా యాభై వేల రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్స పొందవచ్చు. గుద్ది పారిపోయిన వాహనం దొరకకపోతే, 2022 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న పథకం కింద మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి యాభై వేలు పరిహారం వస్తుంది. ఎఫ్.ఐ.ఆర్. నకలు జాగ్రత్తగా ఉంచుకోండి.

ఎవరిని అడగాలి?

2025 మే నెలలో సుప్రీంకోర్టు, సరైన కాలిబాట ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. కాబట్టి మీరు అడిగేది దయ కాదు. అయితే “మా వీధి బాగోలేదు” అని రాస్తే ఏ అధికారీ ఏమీ చేయలేడు. ఫలానా డోర్ నంబరు ముందు కాలువ మీద బండ లేదు, ఫలానా బడి ఎదుట జీబ్రా గీతలు చెరిగిపోయాయి, ఫలానా చోట కాలిబాట రెండడుగులే మిగిలింది అని కొలిచి రాయండి. ఫోటో జత చేయండి. మీ ఇంట్లో చేతికర్రతో నడిచేవారు ఉంటే అదీ రాయండి. కాలిబాటకీ కాలువకీ నగర పాలక సంస్థ, సిగ్నలు సమయానికీ అడ్డంగా పెట్టిన వాహనాలకీ ట్రాఫిక్ పోలీసులు. జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్లలో అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద మీ వీధి కాలిబాటకి ఎంత ఖర్చు పెట్టారో అడగవచ్చు. పదిమంది సంతకాలున్న అర్జీకి బరువు ఎక్కువ.

డిశ్చార్జి రోజున మీ రోగి వాకరుతో వెళ్తుంటే గేటు బయట ఆటో ఎక్కించవద్దు. సెక్యూరిటీవారికి చెబితే ఆటోని పోర్టికో దాకా రానిస్తారు. మీ స్కూటరు మాత్రం దయచేసి వెనక గేటు దగ్గరి పార్కింగులోనే పెట్టండి.