గాలివెంట వచ్చే నిప్పు

ఫిబ్రవరి నెల దాటిందంటే రావికమతం చుట్టుపక్కల కొండలు రంగు మారతాయి. చెట్లు ఆకు రాల్చి, అడుగున ఎండుటాకు పాదం మునిగేంతగా పేరుకుంటుంది. నర్సీపట్నం నుండి చింతపల్లి వైపు వెళ్లే కొండలలో వేసవి రాత్రి మంట దండలాగా కనిపించడం ఈ ప్రాంతపువారికి కొత్త కాదు. పోడు కోసం పెట్టిన నిప్పు, ఇప్పపువ్వు ఏరడానికి చెట్టుకింద ఆకు తగలబెట్టిన నిప్పు, ఆర్పకుండా పారేసిన చుట్ట పీక, ఇలా చాలావరకు అది మనుష్యుల చేతినుండే మొదలవుతుంది.

“కొండ ఎక్కడో కాలుతోంది, ఊరికి దూరమే గదా” అనుకొని మనం పడుకుంటాం. కాని నిప్పు నేలమీద పాకి రానక్కరలేదు. రవ్వగా ఎగిరి వస్తుంది. ఈ సంగతి ప్రతి కుటుంబమూ తెలిసికోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

రవ్వ ఎలా పుడుతుంది?

కట్టె వేడెక్కినప్పుడు ముందు దానిలోని తడి ఆవిరైపోతుంది. తరువాత మండే వాయువులు బయటికి వస్తాయి. మనకు కనిపించే మంట ఆ వాయువులదే. అవి అయిపోయాక మిగిలిన బొగ్గు మంట లేకుండానే ఎర్రగా కణకణలాడుతుంది. సన్నని పుల్ల, బెరడు పెచ్చు, వెదురు చీలిక కాలి కాలి బలహీనపడి విరిగిపోతాయి. మంటమీది వేడిగాలి తేలిక గనుక వేగంగా పైకి లేస్తూ ఆ ముక్కలను ఎత్తుకుపోతుంది. పైన వీచే గాలి వాటిని దూరంగా తోస్తుంది.

లోపల డొల్లపడిన ఎండుమోడు మరీ ప్రమాదం. అది పొగగొట్టంలాగా పనిచేసి, కింద మంటలు ఆరిన తరువాత కూడా పైనుండి రవ్వలు చిమ్ముతూనే ఉంటుంది. ఏటవాలు కొండలమీద కాలుతున్న దుంగలు కిందికి దొర్లి, అంతవరకు అంటుకోని చోట నిప్పు పెడతాయి.

ఎంత దూరం పోతుంది?

బరువైన ముక్క దగ్గరలోనే పడుతుంది. మరీ చిన్నది దారిలోనే బూడిదైపోతుంది. పలచగా వెడల్పుగా ఉన్న బెరడు పెచ్చు గాలిలో తేలుతూ దూరం పోతుంది. నేలను తాకేసరికి దానిలో ఇంకా నిప్పు ఉంటుంది. మన కొండలలో ఎక్కువగా నేలమీది ఆకులే కాలుతాయి గనుక రవ్వలు సాధారణంగా మరీ దూరం పోవు. అయితే ఒక వాగును గాని, బండిబాటను గాని దాటడానికి ఆ కొద్ది దూరమే చాలు.

పెద్ద అడవి మంటల సంగతి వేరు. ఆస్ట్రేలియాలోని నీలగిరి చెట్ల బెరడు పొడవైన పేలికలుగా ఊడుతుంది. 2009 ఫిబ్రవరి 7న అక్కడి విక్టోరియా రాష్ట్రంలో మంటలు చెలరేగినప్పుడు రవ్వలు దాదాపు 30 కిలోమీటర్ల ముందుకు వెళ్లి కొత్త మంటలు రేపాయి. ఆ మంటలలో 173 మంది మరణించారు. 2018 నవంబరు 8న అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు పారడైజ్ పట్టణం కాలిపోయి, 85 మంది చనిపోయారు. తరువాత చూస్తే ఎన్నోచోట్ల ఇల్లు బూడిదైంది, పక్కనున్న చెట్టు పచ్చగానే నిలిచింది. ఆ ఇండ్లను అంటించినది గాలిలో వచ్చిన రవ్వలూ, పక్కింటి మంటలే.

ఎక్కడ పడితే ప్రమాదం?

రవ్వ పడినంత మాత్రాన ఇల్లు అంటుకోదు. దానికి పొడిగా, సన్నగా, గాలి ఆడే చోటు కావాలి. తాటాకు కప్పు, గడ్డివాము, పెంకుల సందులో పేరుకున్న ఆకు, గోడవారనున్న కట్టెల మోపు, జీడితోటలో ఊడ్వని ఎండుటాకు అటువంటి చోట్లు. కమ్మరి కొలిమిలో తిత్తి ఊదినట్లు గాలి ఆ రవ్వను రాజేస్తుంది. గడ్డివాము లోపల నిప్పు గంటల తరబడి పొగలేకుండా దాగి, అందరూ పడుకున్నాక మంటగా లేవవచ్చు.

ఇంటివారు చేయవలసినవి

2014 మార్చిలో తిరుమల శేషాచలం అడవులు అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లతో నీళ్లు చల్లవలసివచ్చింది. మన పాకకు అంత సాయం రాదు. కనుక ముందుజాగ్రత్త మన చేతిలోనే ఉంది.

వేసవికి ముందే ఇంటికప్పుమీద, చూరుకింద ఆకు దులపండి. గడ్డివామును, కట్టెలను ఇంటికి దూరంగా వేయండి. తోటచుట్టూ మన్ను కనిపించేలా వెడల్పుగా ఊడ్వండి. కొండ కాలుతున్న రోజులలో నిచ్చెన, నీళ్ల డ్రమ్ము, తడిపిన గోనెసంచులు సిద్ధంగా ఉంచండి. తాటాకు కప్పును సాయంత్రం తడపండి. పొయ్యి బూడిదమీద నీళ్లు పోయకుండా పెంటకుప్పలో వేయవద్దు. గాలి వీచే రోజున చెత్తకు నిప్పు పెట్టవద్దు. వేసవి సభలకు తాటాకు పందిరి వేసే సంఘములు వంటపొయ్యిని గాలివాలుకు దిగువన, పందిరికి దూరంగా పెట్టాలి. మంట కనిపించగానే 101కి గాని 112కి గాని ఫోను చేయండి.

నిర్గమకాండము 22వ అధ్యాయము 6వ వచనములో ఈ విషయమై ఒక కట్టడ ఉన్నది. ముండ్లకంపకు అంటుకున్న నిప్పు పొరుగువాని పంటను కాల్చితే, నిప్పు అంటించినవాడే ఆ నష్టం తీర్చాలి. అంటించినవాడు ఒకచోట, నష్టపోయినవాడు మరొకచోట. నడుమ నిప్పు ఎలా పోయినా, బాధ్యత మాత్రం మొదటివానిదే. మనం పెట్టిన నిప్పు మన గట్టు దగ్గర ఆగదు గనుక, అగ్గిపుల్ల గీసేముందు గాలి ఎటు వీస్తోందో, ఆ వైపున ఎవరి ఇల్లు ఉందో చూడాలి.

మంట ఆరిందని అందరూ ఇండ్లకు పోయిన రాత్రి ఇద్దరైనా కాపలా ఉండండి. మోడుల మొదళ్లు తవ్వి నీళ్లు పోయండి, కప్పులు చూడండి. పాకలో నిద్రపోయే పిల్లలకు ఆ రాత్రి మీరే కావలి.