ఇథియోపియా బూడిద మూసాపేటకు వస్తుందా?

2025 నవంబరు 23న ఇథియోపియాలో హైలీ గుబ్బి అగ్నిపర్వతం బద్దలైంది. మరుసటి రోజు రాత్రికే దాని పొగమబ్బు ఢిల్లీ మీదికి చేరింది, కొన్ని విమానాలు రద్దయ్యాయి. టీవీలో ఆ వార్త చూసి, "ఆ బూడిద మనకీ వస్తుందా? మాస్కు పెట్టుకోవాలా?" అని మీ పిల్లలు అడిగే ఉంటారు.

అవసరం లేకపోయింది. ఆ మబ్బు సాగింది విమానాలు తిరిగే ఎత్తులో. పైగా అది పొయ్యిలో మిగిలే బూడిద లాంటిది కాదు, రాతి పొడి, సన్నని గాజు రేణువులు. జెట్ ఇంజిన్ వేడికి అవి కరిగి లోపలి బ్లేడ్లకు అతుక్కుపోతాయి. పైలట్ల భయం అదే.

శాస్త్రవేత్తల చూపు మాత్రం బూడిద కంటే వాయువు మీదే ఎక్కువ. బూడిదలో ఎక్కువ భాగం కొద్ది రోజుల్లో రాలిపోతుంది. (రాలినచోట ఉండిపోతుంది కూడా. దాదాపు 74,000 ఏళ్ల క్రితం సుమత్రాలో టోబా పేలినప్పటి బూడిద పొర నంద్యాల జిల్లా జ్వాలాపురంలో ఇప్పటికీ ఉంది!) దానితోపాటు వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ కథ వేరు. పై గాలిలో అది మెల్లగా సల్ఫ్యూరిక్ ఆమ్లపు అతిసన్నని బిందువులుగా మారుతుంది. ఆమ్ల వర్షాల పాఠం చదివిన పిల్లలకు ఈ చర్య కొత్తేమీ కాదు. ఆ బిందువులు సూర్యకాంతిని కొంత వెనక్కి పంపేస్తాయి.

ఎంతకాలం? అదంతా ఎత్తును బట్టి. మన హైదరాబాద్ మీద స్ట్రాటోస్ఫియర్ సుమారు 16-17 కిలోమీటర్ల దగ్గర మొదలవుతుంది. దాని కింద ఉన్నదాన్ని మేఘాలు, వానలు కడిగేస్తాయి. హైలీ గుబ్బి మబ్బు లేచింది 14 కిలోమీటర్ల దాకానే. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో మాత్రం 30 కిలోమీటర్లు దాటి, కోటిన్నర టన్నులకు తక్కువ కాని సల్ఫర్ డయాక్సైడ్‌ను స్ట్రాటోస్ఫియర్‌లోకి చేర్చింది. ఆ మరుసటి ఏడాది భూమి సగటు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ తగ్గింది.

ఇలాంటి రేణువులను పైకి వెళ్లి పరీక్షించే చోటు మన నగరంలోనే ఉంది: ఈసీఐఎల్ ప్రాంతంలోని టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రం. వర్షాకాలంలో ఆసియా మీద, అగ్నిపర్వతాలేవీ పేలకపోయినా, రేణువుల పలుచని పొర ఒకటి ఉపగ్రహాలకు కనిపిస్తుంది. అదేమిటో తేల్చడానికి 2014 నుంచి కొన్నేళ్లపాటు నాసా, ఇస్రో శాస్త్రవేత్తలు ఇక్కడి నుంచి బెలూన్లు ఎగరేశారు. అవి తెచ్చిన ఫిల్టర్లలో సల్ఫేట్ కంటే నైట్రేట్ ప్రముఖంగా కనిపించింది. నైట్రేట్‌కు ముడిసరుకు పొలాల్లోని ఎరువుల నుంచి లేచే అమ్మోనియా, వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు. సాయంత్రం మన స్కూల్ గేటు ముందు ఇంజిన్ ఆపకుండా నిలిపే కార్ల పొగలో ఉండేవీ అవే. వాటిని అంత ఎత్తుకు మోసుకెళ్లేవి వర్షాకాలపు మేఘాలే.