కూలి డబ్బుతో స్థలం కొన్న బిడ్డీ మేసన్

పోయిన ఎపిసోడ్‌ల ప్లాట్ల గురించి మాట్లాడుకున్నం కదా. అది విన్న మా సైటు తమ్ముడొకడు, "అన్నా, నెలకు మిగిలేదే ఇంత, ఇంక స్థలమెక్కడ కొంటం?" అన్నడు. వానికి బిడ్డీ మేసన్ కథ చెప్పిన.

ఆమె 1818లో అమెరికాలో బానిసగా పుట్టింది. 1848లో యజమాని రాబర్ట్ స్మిత్ మిసిసిపీ నుంచి యూటాకు మకాం మారిస్తే, పసిబిడ్డతో బండ్ల వెనక పశువులను తోలుకుంటూ నెలల తరబడి నడిచింది. 1851లో ఆమెను కాలిఫోర్నియాకు తెచ్చాడు. అక్కడి చట్టంలో బానిసత్వం లేదు, అయినా వదల్లేదు. చివరికి బానిసత్వం నడిచే టెక్సస్‌కు తీసుకుపోబోతుంటే తెలిసినవాళ్లు షెరీఫ్‌కు చెప్పారు. నల్లవాళ్లు తెల్లవాళ్ల మీద కోర్టులో సాక్ష్యం చెప్పకూడని రోజులవి. అందుకే జడ్జి బెంజమిన్ హేస్ ఆమెను విడిగా గదిలో అడిగి తెలుసుకున్నాడు. 1856 జనవరిలో ఆమెకూ, ముగ్గురు కూతుళ్లకూ, ఇంకొందరికీ విడుదల దొరికింది.

తర్వాత లాస్ ఏంజెలెస్‌లో ఒక డాక్టరు దగ్గర నర్సుగా, మంత్రసానిగా చేరింది. కూలి రోజుకు రెండున్నర డాలర్లు. 1866లో స్ప్రింగ్ స్ట్రీట్‌లో 250 డాలర్లకు స్థలం కొన్నది. లెక్కకు నూరు రోజుల కూలే, కానీ పిల్లలు, కిరాయి, తిండి పోను కూడబెట్టడానికి పదేండ్లు పట్టింది.

అప్పుడది ఊరి చివర. కొన్నాక కూడా ఆమె చాలా ఏండ్లు కిరాయి ఇంట్లోనే ఉన్నది. నాకు బాగా నచ్చింది ఇదే. మనమైతే ప్లాటు కొన్న ఏడాదికే అప్పు చేసి స్లాబు పోస్తం! ఊరు పెరిగి అటువైపు వచ్చాక, 1884లో కొంత ముక్క మాత్రం 1,500 డాలర్లకు అమ్మింది. మిగిలిన జాగాలో ఇటుక బిల్డింగు కట్టింది: కింద కిరాయికి, పైన తన కాపురం.

ఆమెకు చదువు రాదు, సంతకానికి గీత గుర్తే. అయినా కాగితం మాత్రం ఆమె పేరు మీదనే ఉన్నది. నేను ఐటీఐ చదివినోణ్ణి. దుబాయ్ నుంచి పంపిన పైసలతో కొన్న మొదటి ప్లాటు ఇంకొకరి పేరు మీద రిజిస్ట్రేషన్ అయింది. నమ్మి అడగలేదు. అది ఇంకా నా చేతికి రాలేదు.

ఇది విన్న తమ్ముడు ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేసి, నాయిన కొన్న రెండు గుంటలకు ఈసీ తీయమన్నడు.