సూదిని మోసిన తాటిదుంగ

"పాలు పొంగుతయేమో చూడు కొడుకా" అని చెప్పి అవ్వ పెరట్లోకి పోయింది. ఎనిమిదేండ్ల మనవడు పొయ్యి ముందు కదలకుండా నిలబడ్డాడు. ఆమె వచ్చేసరికి గిన్నె చుట్టూ మాడు వాసన.

"చూడలేదారా?"

"చూసిన అవ్వా. మూడుసార్లు పొంగినయి."

దేవరకొండ దగ్గర మా చుట్టాలింట్లో నా కళ్ల ముందే జరిగింది. "పరమానందయ్య శిష్యుడివిరా నువ్వు" అన్నారెవరో. అందరం నవ్వాం. పిల్లాడికి ఆటిజం అని నిరుడే తేలింది.

ఆ శిష్యుల కథ నల్లగొండలోనూ పాలమూరులోనూ తెలియని ఇల్లుండదు. 1966లో ఎన్టీఆర్‌తో సినిమాగానూ వచ్చింది. సూది తెమ్మంటే, పని ఏదైనా అందరూ కలిసి చేయాలన్న గురువు మాట తప్పకుండా, సూదిని తాటిదుంగకు గుచ్చి పన్నెండుమందీ భుజాలకెత్తుకున్నారు. సూది దారిలో ఎక్కడో రాలిపోయింది. మనకు నవ్వొచ్చేది అక్కడే. వాళ్లు మాత్రం గురువు మాటలో ఒక్క అక్షరం జారవిడవలేదు. ఆటిజం ఉన్న చాలామందికి మాటంటే మాటే. 'పొంగితే పొయ్యి ఆర్పు' అని మనం మింగేసిన సగం వాళ్ల చెవిన పడదు.

ఇంకో కథలో అత్తగారింట తిన్న కుడుముల పేరు మరిచిపోకుండా దారి పొడుగునా జపించిన అల్లుడున్నాడు. కాలువ దూకుతూ వేసిన కేకనే ఇంటిదాకా మోసుకుపోతాడు. విన్న మాటనే పదే పదే అనే పిల్లలున్న ఇంట్లో అతను కొత్తవాడు కాడు.

అట్లని కథల్లోని ప్రతి వెర్రిబాగులవాడికీ ఈ పేరు తగిలించలేం. ఏరు దాటి తనను తాను లెక్కపెట్టుకోని శిష్యుడిది వట్టి మతిమరుపు. ఆటిజాన్ని తెలివితక్కువతనం అనుకుంటే మొదటికే మోసం.

పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల తీరును 1943లో వర్ణించాకే ఈ పేరు వైద్యంలో నిలబడింది. అంతకుముందు ఇట్లాంటి మనుషులు లేరా? మనస్తత్వవేత్త ఊటా ఫ్రిత్ 1989 నాటి తన పుస్తకంలో పాత కథలను వెతికారు. ఇటలీ సన్యాసి జూనిపర్ అక్కడ దొరికాడు. జబ్బుపడ్డ తోటి సన్యాసికి పందికాలు తినాలనుందంటే, కత్తి పట్టుకుపోయి బతికున్న పంది కాలు నరికి తెచ్చాడట. మన శిష్యులకు అన్నవరస!

పేరు తెలియని ఇళ్లలో 'మొద్దు', 'గాలి సోకింది' అన్న మాటలే మిగిలాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగిచూడని, కావలసింది వేలితో చూపని ఏడాదిన్నర పిల్లలను చూస్తే దిష్టి తీసి ఊరుకోకండి, దవాఖానాకు తీసుకుపొండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. ఇట్లాంటి పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి.

పరమానందయ్య ఎన్ని అగచాట్లు పడ్డా ఆ శిష్యులను వెళ్లగొట్టలేదు. కథలో నాకు బాగా నచ్చేది అదే.

ఆ రాత్రి అవ్వ ఏడు చేపల కథ ఎత్తుకుంది. నిద్రమత్తులో ఆవు నుంచి నేరుగా పాప దగ్గరికి దూకింది. "ఆవు తర్వాత జీతగాడు, జీతగాని తర్వాత అవ్వ" అన్నాడు వాడు. ఆమె వెనక్కి పోయి వరస సరిచేసింది.

తెల్లారి మళ్లీ పాలు పెట్టింది. "పాలు పొంగంగనే ఈ చెవి ఇటు తిప్పి పొయ్యి బంద్ చెయ్యి కొడుకా" అంది. వాడు నిలబడ్డాడు. నురుగు అంచుకు రాగానే తిప్పాడు.