తాతల నాటి ఉత్తరాలకు కుట్టు పుస్తకం

ఒకప్పుడు కృష్ణా డెల్టా పల్లెల్లో చాలా ఇళ్ల వసారాలో ఒక ఇనపకమ్మీ వేలాడుతుండేది. వచ్చిన కార్డునూ, కవరునూ చదవగానే దానికి గుచ్చేవారు. పెళ్లి కబురు, కాన్పు కబురు, చావు కబురు అన్నీ ఆ కమ్మీ మీదే. తడిగాలికి కమ్మీ తుప్పుపట్టి కాగితాలు చిల్లులు పడ్డాయి. పెట్టెల అడుగున దాచినవి ఎన్నో చెదల పాలయ్యాయి.

ఈ ప్రాంతంలో కాగితానికి అసలు శత్రువు నీరు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు వేలమంది ప్రాణాలు పోయాయి. ఇళ్లతోపాటు పోయినవారి ఫొటోలు, చేతిరాతలు కూడా కొట్టుకుపోయాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడూ ఇళ్లలోని కాగితాలు నానిపోయాయి. బియ్యం, బట్టలు మళ్లీ కొనుక్కోవచ్చు. అమ్మ చేతిరాత ఏ కొట్లోనూ దొరకదు.

అందుకే మిగిలిన వాటిని ఒక కుట్టు పుస్తకంలో చేర్చుకోవడం మంచిది. ఖర్చు తక్కువ. మందపాటి తెల్లకాగితాలను నాలుగేసి కలిపి మడిచి, మడత మీద దబ్బనంతో రంధ్రాలు చేసి గట్టి దారంతో కుట్టాలి. వేలెడు వెడల్పు కాగితపు పట్టీలను కూడా మధ్యమధ్య కలిపి కుడితే, ఫొటోలు చేరాక పుస్తకం ఉబ్బదు. పైన అట్ట వేసి, దాని మీద అమ్మమ్మ పాతచీర ముక్కో, పెడన అద్దకపు గుడ్డో మైదా జిగురుతో అంటిస్తే సరి.

ఉత్తరానికి, ఫొటోకి మాత్రం జిగురు తగలనీయరాదు. టేపు వేస్తే కొన్నేళ్లకు పసుపు మరక పడుతుంది. నాలుగు మూలలకూ చిన్న కాగితపు జేబులు అంటించి అందులో దూర్చాలి.

ప్రతిదాని పక్కనా ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది పెన్సిలుతో రాయాలి. తడిసినా పెన్సిలు రాత సిరాలా కారిపోదు. ఇది పెద్దలు ఉండగానే చేయవలసిన పని. పెళ్లి ఫొటోలో చివర నిలుచున్న పిల్ల ఎవరో నాయనమ్మకే తెలుసు. ఆమె కాలం చేశాక అది పేరులేని బొమ్మ.

వానాకాలంలో పుస్తకాన్ని పాలిథిన్ సంచిలో చుట్టి ఎత్తయిన అరలో ఉంచాలి. ఎండ కాసిన రోజున నీడలో తెరిచి గాలి తగలనివ్వాలి. తడిసి అంటుకున్న ఫొటోలను ఆరకముందే మంచినీటిలో ఉంచి మెల్లగా విడదీసి నీడన ఆరబెట్టాలి.

చివరగా ఒక్కొక్క పేజీని సెల్‌ఫోనుతో ఫొటో తీసి, వేరే ఊళ్లో ఉన్న కూతురికో కొడుక్కో పంపాలి. ఒక ఇంటికి నీరొచ్చినా, మరో ఇంట ఆ రాత మిగులుతుంది.